ఆదివారం వర్చువల్ రన్: మన మారథాన్ క్యాన్సిల్ అయ్యాక అందరూ అడుగుతున్న ప్రశ్నలు

కృష్ణ వరద వల్ల విజయవాడలో మన రన్ ఆగిపోయిందని, దాని బదులు ఆదివారం వర్చువల్ రన్ అని మెసేజ్ వెళ్ళిన దగ్గర్నుంచి గ్రూప్‌లో ఒకటే గోల, ఫోన్ల మీద ఫోన్లు, అడిగిందే మళ్ళీ అడుగుతున్నారు. తప్పు కాదు లెండి, నెలల తరబడి తెల్లారుజామున లేచి ప్రాక్టీస్ చేసినోళ్ళకి ఆ మాత్రం కడుపుమంట ఉంటుంది. అందుకే ఎక్కువమంది అడిగినవన్నీ ఒకచోట రాసేస్తున్నా. చదివాక కూడా డౌట్ ఉంటే అడగండి, కానీ ముందు చదవండి బాబూ.

అసలెందుకు ఆపేశారు? ఇప్పుడు ఎండ కాస్తోందిగా?

ఎండ మనకి కాస్తోంది, కానీ పైన శ్రీశైలం, సాగర్, పులిచింతల దాటుకుని నీళ్ళు ఇంకా దిగుతూనే ఉన్నాయి. మన రూట్‌లో సగం నది పక్కనే కదా, ఘాట్ల దగ్గర నీళ్ళు, తిండి ఇచ్చే ఎయిడ్ స్టేషన్లు, పార్కింగ్, అన్నీ అక్కడే. పోలీసులు మొత్తం వరద డ్యూటీలో ఉన్నారు, మన కోసం కూడళ్ళలో నిలబడే మనిషే లేడు. 2024 సెప్టెంబర్ 2న ప్రకాశం బ్యారేజ్‌కి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చిన రోజు మీలో చాలామంది ఊళ్ళోనే ఉన్నారు, బుడమేరు వాగు నీళ్ళు సింగ్ నగర్ ఇళ్ళల్లోకి ఎలా వచ్చాయో కళ్ళారా చూశారు. ఈసారి అంత లేదు, అయినా ఆ రోజులు చూసినవాళ్ళెవరూ "ఏం కాదులే" అని పర్మిషన్ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. ఆపడమే కరెక్ట్, ఇందులో నాకు రెండో మాట లేదు.

వర్చువల్ అంటే ఏంటి? ఇంట్లో ఫోన్ చూస్తూ కూర్చోవడమా?

కాదండీ, పరుగు నిజమే, చెమట నిజమే. అందరం ఒకే రోడ్డు మీద కాకుండా ఎవరికి వీలైన చోట వాళ్ళు పరిగెత్తి, ఆ పరుగుని యాప్‌లోనో వాచ్‌లోనో రికార్డ్ చేసి గ్రూప్‌లో పెట్టడం, అంతే. 5కే, 10కే (5, 10 కిలోమీటర్లు), హాఫ్ (21.1), ఫుల్ (42.195), ఏది రిజిస్టర్ చేసుకున్నారో అదే చెయ్యొచ్చు, తగ్గించుకోవచ్చు కూడా. పెంచుకోవడం మాత్రం ఒప్పుకోం, 10కే పేరిచ్చినోళ్ళు ఉత్సాహం ఆగక హాఫ్ చేసేస్తానంటే వద్దనే చెప్తా.

ఇలా ఇంతకుముందు ఎక్కడైనా చేశారా, మనమే కనిపెట్టామా?

భలేవారే. 1897లో మొదలైన బోస్టన్ మారథాన్ 2020లో కోవిడ్ వల్ల ముందు ఏప్రిల్ నుంచి సెప్టెంబర్‌కి వాయిదా పడి, ఆ తర్వాత పూర్తిగా క్యాన్సిల్ అయింది. సెప్టెంబర్ 7 నుంచి 14 లోపు ఎక్కడున్నోళ్ళు అక్కడ 42.195 కిలోమీటర్లు ఆరు గంటల్లోపు పూర్తి చేసి రుజువు పంపితే మెడల్ ఇంటికొచ్చింది. అదే ఏడాది అక్టోబర్ 4న లండన్ వాళ్ళు ఎలీట్ రన్నర్లని, అంటే టాప్ రన్నర్లని మాత్రం ఒక పార్క్ చుట్టూ తిప్పి, మిగతా జనానికి 24 గంటల టైమ్ ఇచ్చి మీ ఊళ్ళోనే చేసుకోండి అన్నారు, దాదాపు 38 వేలమంది ఒక్కరోజులో పూర్తి చేస్తే అది గిన్నిస్ రికార్డ్ కూడా అయింది. మన దగ్గర ముంబై మారథాన్ కూడా 2021, 2022 జనవరుల్లో జరగలేదు, మళ్ళీ 2023 జనవరి 15నే రోడ్డెక్కింది.

నన్నడిగితే మన పరిస్థితికి దగ్గరగా ఉన్నది ఇవేవీ కాదు, 2012 న్యూయార్క్. ఆ సంగతి కింద చెప్తా.

కట్టిన డబ్బులు వెనక్కిస్తారా?

టీషర్టులు, మెడల్స్ ముందే ఆర్డర్ అయిపోతాయి కాబట్టి ఆ ఖర్చు ఎటూ పోయినట్టే. మిగిలిన దాంట్లో ఎవరికి కావాలంటే వాళ్ళకి వెనక్కి, వద్దనుకుంటే వచ్చే రన్‌కి జమ, అదీ వద్దంటే ముంపు వీధుల్లో సాయానికి. ఈ మూడింట్లో ఏదో ఒకటి మెసేజ్ పెట్టండి చాలు, ఎందుకు వెనక్కి అడిగావని ఎవరూ అడగరు, అడిగినోళ్ళకి నేను చెప్తా.

ఆదివారమే చెయ్యాలా? నాకు ఆ రోజు డ్యూటీ ఉంది.

ఆదివారం చేస్తేనే మజా, తెల్లారుజామున 5 గంటలకి అందరం ఒకేసారి మొదలుపెడతాం కాబట్టి. డ్యూటీలున్నోళ్ళకి, ముఖ్యంగా హాస్పిటల్, కరెంట్, మున్సిపాలిటీ, పోలీస్ వాళ్ళకి తర్వాతి ఆదివారం దాకా టైమ్. వరద డ్యూటీలో ఉన్నోళ్ళు అసలు చెయ్యకపోయినా మెడల్ వాళ్ళ ఇంటికే తీసుకెళ్ళి ఇద్దాం అని నా ప్రపోజల్, గ్రూప్‌లో ఎవరూ కాదనలేదు.

విజయవాడలో ఎక్కడ పరిగెత్తాలి?

ముందు ఎక్కడ వద్దో చెప్తా. ఘాట్ల దగ్గర వద్దు. కరకట్ట మీద వద్దు. కాలవ గట్ల మీద, అంటే ఏలూరు కాలవైనా బందరు కాలవైనా రైవస్ కాలవైనా, వాన పడ్డాక గట్టు జారుతుంది, చీకట్లో అంచు ఎక్కడుందో తెలీదు. నీళ్ళు నిలిచిన రోడ్డు మీద అసలే వద్దు, మోకాలి లోతు కాదు, పాదం మునిగినా వద్దు. ఆ నీళ్ళ కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో దేవుడికే తెలియాలి, కరెంట్ వైరు తెగిపడి ఉండొచ్చు, పైగా కాలికి చిన్న గీత ఉన్నా ఆ మురికి నీళ్ళ నుంచి లెప్టోస్పైరోసిస్, అదే ఎలుకల జ్వరం, అంటుకుంటుంది. షూ తడిస్తే పొక్కులు వస్తాయన్నది వీటి ముందు చిన్న విషయం.

ఇక ఎక్కడ బావుంటుందంటే, బీఆర్టీఎస్ రోడ్డు నీళ్ళు లేకపోతే తెల్లారుజామున హాయిగా ఉంటుంది, లైట్లు ఉంటాయి, వాకర్స్ ఉంటారు, ఏదైనా అయితే చూసే మనిషి ఉంటాడు. లోయోలా కాలేజీ వైపు చెట్ల నీడ అలవాటైనోళ్ళు అక్కడి వాకర్స్ టైమింగ్ కనుక్కుని వెళ్ళండి. ఇందిరా గాంధీ స్టేడియం దగ్గర బందరు రోడ్డు 6 దాకా ఖాళీగానే ఉంటుంది, 7 దాటితే మాత్రం బస్సుల పొగ తినాల్సిందే. కొండ ఎక్కే సరదా ఉన్నోళ్ళు, గుణదల మెట్లు గానీ మొగల్రాజపురం ఎత్తులు గానీ, వానల తర్వాత నాచు పట్టి ఉంటాయి, ఈ ఒక్కసారికి ఆ సరదా కట్టిపెట్టండి. నా సలహా అడిగితే మీ ఇంటికి దగ్గర్లో ఒకటో రెండో కిలోమీటర్ల రౌండ్ చూసుకోండి, బోర్ కొడుతుంది, ఒప్పుకుంటా, కానీ ప్రతి రౌండ్‌కీ మీ గేటు ముందుకే వస్తారు, నీళ్ళు అక్కడే, బాత్రూమ్ అక్కడే, కాలు పట్టేస్తే మంచం కూడా అక్కడే.

బ్యారేజ్ మీద ఫోటో లేకపోతే అది విజయవాడ రన్ ఎలా అవుతుంది?

నాకూ అదే బాధ. మామూలు రోజుల్లో లెక్క కూడా బావుంటుంది, బ్యారేజ్ పొడవు 1223.5 మీటర్లు, నాలుగుసార్లు అటూ ఇటూ వెళ్ళొస్తే పదికి రెండొందల మీటర్లు తక్కువ. 1957లో కట్టింది, ఆ 70 గేట్లని లెక్కపెట్టుకుంటూ పరిగెత్తడం మన ఊరోళ్ళకి అదో అలవాటు. కానీ గేట్లన్నీ ఎత్తిన రోజు అక్కడ జనాన్ని చెదరగొట్టడమే పోలీసులకి పెద్ద పని అయిపోతుంది, మనం కూడా పోయి ఆ గుంపులో కలిసి సెల్ఫీలు దిగితే రన్నర్స్‌కి బుద్ధి లేదంటారు. పాత ఫోటో పెట్టుకోండి. అందరి దగ్గరా కనీసం యాభై ఉంటాయని నాకు తెలుసు.

మేం గుంటూరు వాళ్ళం, మాకు వరద లేదు, మమ్మల్నెందుకు ఆపారు?

మిమ్మల్నెవరాపారండీ, రూట్ మాది కాబట్టి ఆగింది. మీకు ఎన్టీఆర్ స్టేడియం ఉంది, బృందావన్ గార్డెన్స్, లక్ష్మీపురం రోడ్లు తెల్లారుజామున ఖాళీయే, అమరావతి రోడ్డు వైపు వెళ్తే కాస్త దూరం దొరుకుతుంది, లారీలు చూసుకోండి. కొంతమంది నాగార్జునా యూనివర్సిటీ దగ్గర రెండూళ్ళ వాళ్ళం కలుద్దాం, మధ్యలో ఉంటుందిగా అంటున్నారు. ఐడియా బావుంది, కానీ వందమంది ఒకచోట చేరితే అది వర్చువల్ కాదు, పర్మిషన్ లేని రన్. ముగ్గురు నలుగురు కలిసి చేసుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు. హైవే మీద గుంటూరు నుంచి విజయవాడ దాకా పరిగెత్తుకొస్తానన్న మన తమ్ముడికి విడిగా ఫోన్ చేసి చెప్పా, ఇక్కడ కూడా చెప్తున్నా, వద్దు.

మేడ మీద చేస్తే లెక్కలోకొస్తుందా? ట్రెడ్‌మిల్?

రెండూ వస్తాయి. 2020 మార్చిలో ఫ్రాన్స్‌లో తులూజ్ పక్కన ఒకాయన లాక్‌డౌన్‌లో ఏడు మీటర్ల బాల్కనీలో అటూ ఇటూ తిరిగి ఫుల్ మారథాన్ పూర్తి చేశాడు, 6 గంటల 48 నిమిషాలు పట్టింది. కింద ఫ్లాట్ వాళ్ళ పరిస్థితి తలుచుకుంటే జాలేస్తుంది. మీ మేడ చుట్టుకొలత టేపుతో కొలవండి, 40 మీటర్లు వచ్చిందనుకోండి, 5కేకి 125 రౌండ్లు, 10కేకి 250. అంత చిన్న చోట జీపీఎస్ పిచ్చి పిచ్చిగా చూపిస్తుంది, దాన్ని నమ్మొద్దు, ఇంట్లో ఒకరిని కుర్చీ వేసి కూర్చోబెట్టి గీతలు గీయించండి, పిల్లలకైతే మహా ఇష్టం. పది రౌండ్లకోసారి దిక్కు మార్చండి, లేకపోతే ఒకవైపు మోకాలు, చీలమండ పట్టేస్తాయి. వాన పడి పాకర పట్టిన మేడ అయితే మానెయ్యండి. ట్రెడ్‌మిల్ వాళ్ళు చివర్లో ఆ డిస్‌ప్లేని ఫోటో తీసి పెడితే సరిపోతుంది, కరెంట్ ఎప్పుడు పోతుందో తెలీదు కాబట్టి మధ్యమధ్యలో కూడా ఒకటి తియ్యండి, మెషిన్ ఆగిందంటే లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలవుద్ది.

గ్రౌండ్‌లో 400 మీటర్ల ట్రాక్ దొరికినోళ్ళకి 10కే అంటే సరిగ్గా 25 చుట్లు, హాఫ్ అంటే 53కి కొంచెం తక్కువ, ఫుల్ అయితే 105న్నర. ఇది లోపలి లేన్ లెక్క. ఎనిమిదో లేన్‌లో ఒక్క చుట్టే 453 మీటర్లు అవుతుంది, చూసుకోండి.

నా వాచ్ 21.1 చూపిస్తోంది, మా ఫ్రెండ్ ఫోన్ అదే దారిలో 20.7 చూపిస్తోంది, ఎవరిది కరెక్ట్?

రెండూ కాకపోవచ్చు. అసలు రేసుల్లో దూరం ఎలా కొలుస్తారో తెలిస్తే ఈ గొడవ సగం తగ్గుతుంది. సర్టిఫైడ్ కోర్స్‌ని, అంటే అధికారికంగా కొలిచి ఖాయం చేసిన రేసు దారిని, జీపీఎస్‌తో కొలవరు, సైకిల్ చక్రానికి లెక్కపెట్టే కౌంటర్ బిగించి, ముందు ఆ సైకిల్‌ని తెలిసిన దూరం మీద సరిచూసి, మలుపుల దగ్గర అంచు నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో, ఎంత దగ్గరి దారి వీలైతే అంత దగ్గరి దారిలో తొక్కి కొలుస్తారు. పైగా తక్కువ పడకూడదని కిలోమీటరుకి ఒక మీటరు అదనంగా కలుపుతారు, అంటే ఫుల్‌కి 42 మీటర్లు ఎక్కువే ఉంటుంది. మనం మలుపుల్లో ఆ దగ్గరి దారి పట్టుకోం, జనాన్ని తప్పించుకుంటూ వంకర్లు తిరుగుతాం, అందుకే రేసులో ప్రతివాడి వాచ్‌లోనూ కొంచెం ఎక్కువే కనిపిస్తుంది.

జీపీఎస్ సంగతికొస్తే అది కొన్ని సెకన్లకోసారి మీరెక్కడున్నారో చుక్క పెట్టి ఆ చుక్కల్ని కలుపుతుంది. పైన ఆకాశం కనిపిస్తే చుక్క సరిగ్గా పడుతుంది, కనకదుర్గ ఫ్లైఓవర్ కింద గానీ ఎత్తు అపార్ట్‌మెంట్ల సందుల్లో గానీ సిగ్నల్ గోడలకి తగిలి వస్తుంది కాబట్టి చుక్క పక్క వీధిలో పడుతుంది, దాంతో మీరు పరిగెత్తని దూరం కూడా కలుస్తుంది. మొదలుపెట్టే ముందు బయట ఒక నిమిషం నిలబడి సిగ్నల్ పట్టనివ్వండి. ఫోన్ వాడేవాళ్ళు బ్యాటరీ సేవర్ తీసెయ్యండి, లేకపోతే స్క్రీన్ ఆరిపోయిన కాసేపటికి ఫోనే యాప్‌ని చంపేస్తుంది, ఇంటికొచ్చి చూస్తే 3 కిలోమీటర్ల దగ్గర ఆగి ఉంటుంది, అప్పుడు ఏడ్చినా లాభం లేదు. మనకి రూల్ ఒక్కటే, మీ దగ్గరున్నది ఎంత చూపిస్తే అంత, పక్కోడి వాచ్‌తో పోల్చుకోవద్దు.

ఆటోపాజ్ (మనం ఆగితే వాచ్ లెక్క తనంతట తనే ఆగడం) ఆన్ చేసుకోవచ్చా?

చేసుకోండి, ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర, రైల్వే గేటు దగ్గర మీరాగడం మీ తప్పు కాదు. కానీ గ్రూప్‌లో పెట్టేటప్పుడు మొత్తం పట్టిన టైమ్ పెట్టండి, ఆగిన టైమ్ తీసేసింది కాదు. అసలు రేసులో షూ లేసు కట్టుకోవడానికి ఆగినా గడియారం ఆగదుగా.

నా ప్రాక్టీస్ అంతా ఫుల్ కోసమే. ఒంటరిగా 42 చేసెయ్యనా?

ఈ ప్రశ్న ఎక్కువగా అడుగుతున్నది మగపిల్లలు. సూటిగా చెప్తా, వెంట మనిషి లేకుండా వద్దు. 30 కిలోమీటర్ల తర్వాత ఒంట్లో దాచుకున్న పిండిశక్తి, అదే గ్లైకోజెన్, అడుగంటాక ఏమవుద్దో ఫుల్ చేసినోళ్ళకి తెలుసు, రేసులో అయితే పక్కన జనం, వలంటీర్లు, అంబులెన్స్ ఉంటాయి, ఖాళీ రోడ్డు మీద నీ గుండె చప్పుడు తప్ప ఏదీ ఉండదు. వాన వెలిశాక మన ఊళ్ళో ఉక్క సంగతి చెప్పక్కర్లేదు, గాల్లో తేమ నిండిపోయి చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు, మామూలు స్పీడ్‌కే గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. కాబట్టి బండి మీద ఒకరు మొదటి నుంచి చివరిదాకా కూడా రావాలి, వాళ్ళ దగ్గర నీళ్ళు, ఫోన్ ఉండాలి, చిన్న రౌండ్లలోనే చెయ్యాలి. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, ఒళ్ళు వణుకుతూ చలి పుట్టడం, మాట తడబడటం, వీటిలో ఏది వచ్చినా అక్కడే ఆగి 108కి ఫోన్ చెయ్యడమే.

ఇదంతా కుదరకపోతే హాఫ్ చెయ్యండి. పడిన కష్టం ఎక్కడికీ పోదు. ఆదివారం హాఫ్ చేసి, ఓ వారం తేలిగ్గా తిరిగి, మళ్ళీ లాంగ్ రన్‌లు కొనసాగిస్తే డిసెంబర్, జనవరిలో ఏ ఊళ్ళో ఫుల్ ఉన్నా రెడీగా ఉంటారు, అప్పటికి వాతావరణం కూడా చల్లబడుద్ది.

తిండి, నీళ్ళు ఎలా? ఎయిడ్ స్టేషన్లు ఉండవుగా?

మీ గేటే ఎయిడ్ స్టేషన్. ఒక స్టూలు వేసి దాని మీద నీళ్ళు, ఓఆర్ఎస్, అరటిపండ్లు పెట్టుకోండి, కోతులున్న వీధైతే మూత పెట్టుకోండి. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ లీటర్ నీళ్ళల్లో మొత్తం కలపాలి, రుచి కోసం సగం ప్యాకెట్ వేసి మిగతాది దాచుకోవడాలు వద్దు. చాలామంది దాహం వేసినా వెయ్యకపోయినా లీటర్లకి లీటర్లు ఉత్త నీళ్ళు తాగుతారు, అది ఇంకా ప్రమాదం, రక్తంలో సోడియం పడిపోయి వాంతులు, మతి తప్పడం దాకా వెళ్తుంది. దాహం వేసినప్పుడు తాగండి, ఉప్పు ఉన్నది తాగండి, ఉప్పు నిమ్మకాయ వేసిన పల్చటి మజ్జిగ కొంతమందికి బాగా పడుతుంది, కొంతమందికి పరిగెత్తేటప్పుడు కడుపులో తిప్పుతుంది, ప్రాక్టీస్‌లో తాగి అలవాటుంటేనే. గంటన్నర దాటి పరిగెత్తేవాళ్ళకి గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం కావాలి, ఒక మాదిరి అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటుంది, లెక్క మీరే వేసుకోండి. ఎనర్జీ జెల్స్ కొనక్కర్లేదు, ఖర్జూరాలు, బెల్లం ముక్క చాలు. పల్లీ చిక్కీ రుచిగానే ఉంటుంది కానీ ఆయాసంలో నమలలేరు.

శనివారం రాత్రి అన్నం, ముద్దపప్పు, పెరుగు. గోంగూర, ఆవకాయ, వేపుళ్ళు ఆదివారం మధ్యాహ్నానికి దాచుకోండి. గుంటూరు వాళ్ళకి ఇది కొంచెం కష్టమైన పనే, ఒక్కపూట ఓర్చుకోండి.

ఆడవాళ్ళం చీకట్లో ఒంటరిగా ఎలా?

ఇద్దరు ముగ్గురు అక్కలు కలిసి ఒక వీధి ఎంచుకోవడం మేలు, ఎవరు ఏ ఏరియాలో ఉన్నారో చూసి జతలు కలిపే పని మన గ్రూప్‌లో ఇద్దరు అక్కలు మొదలుపెట్టేశారు కూడా. 5 గంటలకే మొదలుపెట్టాలని రూల్ ఏమీ లేదు, తెల్లారాక 6కి మొదలుపెట్టండి. లైవ్ లొకేషన్ ఇంట్లోవాళ్ళకి పెట్టండి, గ్రూప్ మొత్తానికి పెట్టొద్దు. యాప్‌లో మీ ఇంటి దగ్గర మొదలూ చివరా కనపడకుండా దాచే సెట్టింగ్ ఉంటుంది, అది ఆన్ చేశాకే పోస్ట్ చెయ్యండి, ఇది మగవాళ్ళకి కూడా చెప్తున్నా. ఇయర్‌ఫోన్స్ ఒక చెవికే. కుక్కలు వెంటపడితే పరిగెత్తొద్దు, ఆగి నడవండి, మనం రన్నర్సే కానీ వాటిని మించలేం.

మా ఇంట్లో నేనొక్కదాన్నే పరిగెత్తుతా, మిగతావాళ్ళని ఎలా కలపాలి?

రిలే చెయ్యండి. 1918లో మొదటి ప్రపంచ యుద్ధం టైమ్‌లో బోస్టన్‌లో మామూలు మారథాన్ బదులు సైనికుల జట్లు, జట్టుకి పదిమంది చొప్పున, రిలే పరిగెత్తాయి. మీ ఇంట్లో అయితే మీరు హాఫ్ చెయ్యండి, మీ ఆయన 10కే, పిల్లలు సైకిల్ మీద కాదు కాళ్ళ మీద చెరో రెండు, మామ్మగారు వరండాలో అర కిలోమీటరు, మిగిలింది సాయంత్రం అందరూ కలిసి నడిచెయ్యండి, 42.195 అయిపోద్ది. మామ్మగారి అర కిలోమీటరు వీడియో తప్పనిసరిగా పెట్టాలి, అది లేకపోతే మీ రిలే రిజెక్ట్. డాలస్‌లో, బెంగళూరులో ఉన్న మన ఊరి పిల్లలు కూడా ఇలా తల్లిదండ్రులతో టీమ్ కట్టారు, డాలస్ వాళ్ళు శనివారం సాయంత్రం పరిగెత్తితే ఇక్కడ వీళ్ళు ఆదివారం పొద్దున అందుకుంటారు.

ఎవరైనా బండి మీద తిరిగి రికార్డ్ చేస్తే?

చేసుకోనివ్వండి. కిలోమీటరు రెండు నిమిషాల్లో అయిపోయిందంటే ప్రపంచ రికార్డులు మన పటమటలోనే పుట్టాయని నవ్వుకుందాం. ర్యాంకులు లేవు, ప్రైజ్ మనీ లేదు, పోడియం లేదు, ఇందులో మోసం చేసి గెలుచుకునేది ఏముంది. పట్టుకోవడానికి కమిటీ వెయ్యాలన్న సలహా వచ్చింది, నేనైతే ఆ పనికి ఒక్క నిమిషం కూడా పెట్టను.

ఈ టైమింగ్ వేరే రేసుల క్వాలిఫైకి పనికొస్తుందా?

రాదు. బోస్టన్ వాళ్ళే తమ 2020 వర్చువల్ టైమింగ్‌ని క్వాలిఫైయింగ్‌కి తీసుకోలేదు. సర్టిఫైడ్ కోర్స్ మీద పరిగెత్తిన టైమే కావాలి.

మెడల్, టీషర్ట్ ఎప్పుడిస్తారు? సెలబ్రేషన్ అన్నారు, ఏంటది?

సెలబ్రేషన్ అంటే, పొద్దున 4:50కి వీడియో కాల్, అందరూ ముఖాలు కడుక్కుని రండి. 5కి కౌంట్‌డౌన్, ఫోన్లు జేబులో. మళ్ళీ 8:30కి అదే కాల్, ఈసారి చేతిలో టిఫిన్ ప్లేటుతో. ఇంట్లో పెసరట్టు ఉప్మా వేయించుకోండి, గాంధీనగర్ దగ్గరున్నోళ్ళు నెయ్యి ఇడ్లీ తెచ్చుకుని మా అందరికీ చూపిస్తూ తినండి, కుళ్ళుకుంటాం. బిబ్, అంటే ఛాతీ మీద పెట్టుకునే నంబర్ కాగితం, మన మెసేజ్‌లో ఉన్న డిజైన్ పక్క వీధి జెరాక్స్ షాపులో ప్రింట్ తీసుకుని నంబర్ స్కెచ్ పెన్‌తో రాసుకోండి, ఫినిష్ దగ్గర రిబ్బన్ కావాలంటే పాత చున్నీ, పట్టుకోడానికి ఇద్దరు పిల్లలు. మొట్టమొదటి 5కే చేసినోళ్ళు కాల్‌లో ముందు మాట్లాడతారు, ఫాస్ట్‌గా చేసినోళ్ళు చివర్లో. ఇది నా పట్టుదల, ఎవరైనా మార్చమంటే మార్చను. మెడల్స్, టీషర్టులు నీళ్ళు తగ్గాక ఏరియాల వారీగా ఇస్తాం, కొరియర్ ఖర్చు దండగ.

పక్క వీధుల్లో జనం నీళ్ళల్లో ఉంటే మనం మెడల్స్ అంటూ గంతులేయడం బావుంటుందా?

ఈ ప్రశ్న అడిగినాయనకి దణ్ణం. పైన న్యూయార్క్ అన్నా కదా, అదిదే. 2012 అక్టోబర్ చివర్లో శాండీ తుఫాను ఆ ఊరిని ముంచేసింది, మారథాన్ నవంబర్ 4న. ముందు జరుపుతామన్నారు, స్టార్ట్ లైన్ ఉన్న స్టేటెన్ ఐలండ్‌లోనే జనం ఇళ్ళు పోగొట్టుకుని ఉంటే పరుగేంటని ఊరంతా తిరగబడింది, చివరికి రెండు రోజుల ముందు ఆపేశారు. అప్పటికే దేశదేశాల నుంచి రన్నర్లు వచ్చి ఉన్నారు. ఆ ఆదివారం వేలమంది సెంట్రల్ పార్క్‌లో ఎవరూ చెప్పకుండానే చేరి సొంతంగా పరిగెత్తారు. ఇంకో గుంపు రన్నింగ్ డ్రెస్సుల్లోనే బ్యాగుల నిండా సామాన్లు వేసుకుని పడవెక్కి స్టేటెన్ ఐలండ్ వెళ్ళి ఇళ్ళల్లో బురద ఎత్తారు. రెండూ రన్నర్లు చేసినవే, ఒకళ్ళు తప్పు ఒకళ్ళు రైటు అని నేననను, కానీ మనం రెండూ చెయ్యగలం, ఊరు మనదే కాబట్టి.

పరుగు 8:30కి అయిపోతుంది. 10 నుంచి నీళ్ళు తగ్గిన వీధుల్లో పని. అక్కడ ఏం కావాలో ముందే అడిగాం: తాగే నీళ్ళ క్యాన్లు, బ్లీచింగ్, చీపుర్లు, పిల్లల నోట్‌బుక్స్, శానిటరీ ప్యాడ్స్, దోమల చక్రాలు. పాత బట్టలు ఇప్పటికే గుట్టలు పడ్డాయట, తేవద్దు. పులిహోర ప్యాకెట్లు కూడా అందరూ అవే ఇస్తున్నారు, వాళ్ళు వద్దని మొహమాటంతో చెప్పలేకపోతున్నారు. గమ్ బూట్లు, గ్లౌజులు ఉన్నోళ్ళే బురదలో దిగాలి, రన్నింగ్ షూతో రావొద్దు. టీషర్టులేసుకుని బ్యానర్ పట్టుకుని ఫోటోలు దిగే ప్రోగ్రామ్ లేదు, ఇళ్ళు కోల్పోయినోళ్ళ ముఖాలు వీడియో తీస్తే గ్రూప్‌లోంచి తీసేస్తా, ముందే చెప్తున్నా. 21 కిలోమీటర్లు పరిగెత్తి ఒళ్ళు హూనమైనోళ్ళు సోమవారం సాయంత్రం రండి, పని అప్పటికీ ఉంటుంది.

మా నాన్న "పోటీయే లేదు, ఎవడూ చూడడు, ఎందుకురా ఈ ఆయాసం" అంటున్నారు, ఏం చెప్పమంటారు?

ఏం చెప్పక్కర్లేదు, ఆ స్టూలు పక్కన కుర్చీ వేసి ఆయన్నే కూర్చోబెట్టండి, పేపరు చదువుకుంటూ నీళ్ళందిస్తారు. మూడో రౌండ్‌కల్లా "ఇందాకటి కంటే అర నిమిషం లేటొచ్చావ్" అనకపోతే నన్నడగండి.

ఆదివారం పొద్దున వాన పడితే?

చినుకులైతే టోపీ పెట్టుకుని కానివ్వండి, ఫోన్‌ని పాలిథిన్ కవర్లో చుట్టండి. ఉరిమిందంటే లోపలికి, చెట్టు కిందకి కాదు, ఇంట్లోకి. వారం టైముంది కదా.

అసలు రన్ మళ్ళీ ఎప్పుడు పెడతారు?

దసరా పది రోజులూ దుర్గమ్మ కొండ చుట్టూ ట్రాఫిక్ మళ్ళింపులే, అప్పుడు కుదరదు. ఆ తర్వాత కార్తీకం, ఘాట్ల నిండా స్నానాలు. డిసెంబర్‌లో భవానీ దీక్షల విరమణకి మళ్ళీ లక్షల్లో వస్తారు. సంక్రాంతికి ఊరు సగం ఖాళీ. మధ్యలో దొరికే ఆదివారాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, వాటిలో ఒకదానికి పర్మిషన్ అడుగుతున్నాం. డేట్ రాగానే చెప్తాం, ఈలోపు ఎవరో ఫార్వర్డ్ చేసిన డేట్ చూసి ట్రైన్ టికెట్లు బుక్ చేసుకోవద్దు.

పేరు ఎప్పటిలోగా ఇవ్వాలి?

శుక్రవారం రాత్రి 9 లోపు. పేరు, ఏరియా, ఎన్ని కిలోమీటర్లు, 10 తర్వాత పనికి వస్తారా రారా, ఈ నాలుగు ముక్కలు మెసేజ్ పెట్టండి. శనివారం ఫోన్లు చెయ్యొద్దు, ఎత్తను, ఆ రోజు నేను కూడా తొందరగా పడుకోవాలి.